హావెల్ 'మెమొరాండం' తెలుగులో వేయాలంటే: ప్టిడెపె భాష, మూడు గదులు, చివరి ప్రసంగం

రెండోగంట:

వాత్స్లావ్ హావెల్ 'మెమొరాండం' నాటకాన్ని తెలుగులో వేసే పనిలో ఉన్నాం. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. ఒక ఆఫీసు డైరెక్టర్ జోసెఫ్ గ్రోస్. ఒక పొద్దున ఆయన బల్ల మీదికి అర్థంకాని భాషలో ఒక మెమో వస్తుంది. ఆ భాష పేరు ప్టిడెపె. ఆఫీసు కాగితాల్లో రెండర్థాలకు తావు లేకుండా చేయడానికని ఆయనకు తెలియకుండానే ఆయన ఆఫీసులోనే దాన్ని ప్రవేశపెట్టారు. మెమోలో ఏముందో తెలుసుకోబోతే ప్రతి బల్ల దగ్గరా ఒక నిబంధన అడ్డు తగులుతుంది. ఈలోపు డిప్యూటీ బలాస్ ఆయన కుర్చీలోకి వచ్చేస్తాడు.

మేం ఆగిపోయిన చోట్లు ఇవి. ప్టిడెపె మాటల్ని ఇంగ్లీషు ప్రతిలో ఉన్నట్టే తెలుగు లిపిలోకి దించాలా, కొత్తగా కట్టుకోవాలా? ఒక సభ్యుడు వాటి బదులు గట్టి గ్రాంథికం పెడదామంటున్నారు. రెండోది, 12 రంగాలు, మూడు గదులు మారిమారి వస్తాయి. మా వేదిక 24 అడుగుల వెడల్పు, 18 అడుగుల లోతు. తిరిగే వేదిక లేదు. మూడోది, చదువుతున్నప్పుడు నవ్వొచ్చిన చోట్లు రిహార్సల్లో చప్పగా తేలుతున్నాయి. ఇక చివర అనువాద కేంద్రం సెక్రటరీ మారియాతో గ్రోస్ మాట్లాడే పొడుగాటి ప్రసంగం. దాన్ని వ్యంగ్యంగా పలకాలా, మనస్ఫూర్తిగా పలకాలా? ఈ నాటకం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు చెప్పగలరు.

హలంతం:

భాష సంగతి నేను చెప్తాను. ముందుగా గ్రాంథికం ఆలోచన మానుకోండి. వినగానే ఆకర్షణగా ఉంటుంది కానీ నాటకం అక్కడే పక్కదారి పడుతుంది. గ్రాంథికం సగమైనా అర్థమవుతుంది. అర్థం కాకపోయినా 'పండితుడికి తెలుస్తుంది' అన్న నమ్మకం ప్రేక్షకుడికి ఉంటుంది. అప్పుడు అది పాత భాషకూ వాడుక భాషకూ తగువైపోతుంది. ప్టిడెపె అలాంటిది కాదు. దానికి తాత ముత్తాతలు లేరు. ఎవరి తల్లీ ఆ భాషలో జోలపాడలేదు. శాస్త్రీయంగా కట్టిన భాష కాబట్టి నేర్చుకోనివాడిదే తప్పు అని ఆఫీసు అంటుంది. ఆ భయం గ్రాంథికంతో రాదు.

మనకు ఉన్న ఆఫీసు తెలుగును వేరేచోట వాడుకోండి. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా', 'పైన ఉదహరించిన విషయమై', 'తగు చర్య నిమిత్తం' లాంటివి బలాస్, అనువాద కేంద్రం అధిపతి స్ట్రోల్, అక్కడే పనిచేసే హెలెనా నోళ్లలో మామూలు మాటల్లా దొర్లాలి. అసలు తెలుగే అప్పటికి సగం కాగితంగా మారిపోయిందని చెవికి తెలియాలి. ప్టిడెపె దాని తర్వాతి మెట్టు. నాటకం చెక్ పేరు 'విరొజుమ్నెనీ'. తెలియజేయడం, నోటీసు ఇవ్వడం అని అర్థం. దాని లోపల 'రొజుమ్' అనే ధాతువుంది, బుద్ధి అని. ఇంగ్లీషు 'మెమొరాండం'లో ఈ పోలిక పోయింది. తెలుగులో మాత్రం తెలియడం, తెలియజేయడం ఒకే ధాతువు నుంచి వస్తాయి కాబట్టి అది దక్కుతుంది. పోస్టరు మీద 'తెలియజేయడమేమనగా' అని వేసుకున్నా తప్పులేదు.

ఇక ప్టిడెపె కట్టడం. ఆ పేరు పెట్టింది హావెల్ తమ్ముడు ఇవాన్. ఆయన గణితం, సైబర్నెటిక్స్ చదివిన మనిషి. అందుకే దాని వెనక లెక్క ఉంది. నాటకంలో ప్టిడెపె నేర్పే మాస్టారు లియర్ పాఠంలో చెప్పే సూత్రం ఇది: ఒకే పొడవున్న ఏ రెండు పదాలైనా కనీసం 60 శాతం అక్షరాల్లో తేడాగా ఉండాలి. అలా ఉంటే వినడంలోనో టైపులోనో ఒక అక్షరం తప్పినా వేరే పదం అనుకునే ప్రమాదం ఉండదు. సమాచార సిద్ధాంతంలో ఇది నిజంగా వాడే ఆలోచన. 1948లో క్లాడ్ షానన్, 1950లో రిచర్డ్ హామింగ్ రాసిన వ్యాసాల్లో దీని పునాది ఉంది. హావెల్ ఉట్టి శబ్దాలు పోగుచేయలేదు. సరైన సూత్రాన్నే తీసుకుని మనుషుల మాట మీద పెట్టాడు.

ఆ లెక్కను మీరూ చేసి చూడండి, డైలాగు ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. తెలుగుకు గుణింతపు అక్షరాన్నే ఒక స్థానంగా లెక్కించండి, ఎందుకంటే చెవి పట్టుకునేది దాన్నే. వాడకానికి 40 అక్షరాలు ఎంచుకున్నారనుకుందాం. రెండక్షరాల పదాల్లో 60 శాతం అంటే 1.2, కాబట్టి రెండూ మారాలి. అంటే అలాంటి పదాలు 40 కంటే ఎక్కువ ఉండవు. అయిదక్షరాల పదాల్లో మూడు మారాలి. మొదటి మూడు స్థానాలు ఒకేలా ఉన్న పదాలు రెండు ఉండటానికి వీల్లేదు, కాబట్టి గరిష్ఠంగా 40×40×40, అంటే 64,000. చిన్న పదాలు ఇట్టే అయిపోతాయి, మిగతా అర్థాలన్నీ పొడుగు పదాల్లోకి నెట్టబడతాయి. తరచుగా వాడే అర్థానికి పొట్టి పదం, అరుదైనదానికి పొడుగు పదం అన్న నియమం అందుకే. వాంబాట్ అనే ఆస్ట్రేలియా జంతువుకి 319 అక్షరాల పదం ఉందని లియర్ గర్వంగా చెప్తాడు. ఆ జంతువు పేరు మార్చకండి. ప్రేక్షకుడికి తెలియని జంతువు కావడమే అక్కడ అవసరం.

మీకు వేదిక మీద 60 పదాలుంటే చాలు. మూడు పొడవుల్లో ఇరవయ్యేసి కట్టుకోండి. ఒకే పొడవున్నవాటినే పోల్చాలి కాబట్టి ఒక్కో గుంపులో 190 జతలు, మొత్తం 570. గళ్ల కాగితం మీద ఒక సాయంత్రం పని. లెక్క నిజంగా పాటించాలా అంటే పాటించాలి. పాటించకపోతే నటుడి నోటికి తోచిన 'లబలబ' వస్తుంది. అందులో పునరుక్తి ఎక్కువ, పైగా పిల్లల ఆటలా వినిపిస్తుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మనది అజంత భాష. అచ్చుతో ముగిసే అర్థంలేని పదాలు కడితే 'తిరుములెకో' లాంటివి వస్తాయి, అవి ఊరి పేరులానో ఇంటిపేరులానో వినిపిస్తాయి. కాబట్టి పదాల్లో కనీసం సగం హల్లుతో ముగియాలి. కొన్ని ప్ట, గ్ద, వ్ర లాంటి సంయుక్తాక్షరాలతో మొదలవ్వాలి. అయితే నటులు అలవాటు కొద్దీ చివర ఒక ఉకారం తగిలిస్తారు, 'గ్రెండ్' కాస్తా 'గ్రెండు' అయిపోతుంది. మొదటి వారం నుంచే ఆపాలి. ళ, ణ, ఱ వాడకండి, అవి వినపడగానే తెలుగు వాసన వస్తుంది. కట్టిన ప్రతి పదాన్నీ ముగ్గురు వేర్వేరు యాసలవాళ్ల చేత గట్టిగా చదివించండి. ఏదో ఒక యాసలో బూతు కావచ్చు. సభలో ఆ ఒక్క నవ్వు వచ్చిందంటే తర్వాతి పది నిమిషాలు పోయినట్టే.

కంఠస్థానికి ఒక పద్ధతి: ప్రతి ప్టిడెపె వాక్యం కింద దాని అర్థం తెలుగులో రాయండి. భాష వచ్చిన పాత్రలు ఆ అర్థాన్ని మనసులో పెట్టుకుని పలకాలి. ఊపిరి ఎక్కడ తీయాలో అర్థమే చెప్తుంది. గ్రోస్ మొదటి చదువుకు మాత్రం అర్థం రాయొద్దు. ఆయన మామూలు ఉత్తరం చదివే వేగంతో మొదలుపెట్టి, రెండో పంక్తిలో తడబడి, మళ్లీ మొదటికి రావాలి. మొదటి పదం దగ్గరే ముఖం చిట్లిస్తే ఆ రంగానికి ఇంకేం మిగలదు.

వింగ్‌పక్క:

గదుల సంగతి. వరస గమనించారా? డైరెక్టర్ గది, ప్టిడెపె తరగతి, అనువాద కేంద్రం సెక్రటేరియట్. ఈ మూడూ ఇదే క్రమంలో నాలుగుసార్లు వస్తాయి. 3×4, మొత్తం 12. ఈ గుండ్రం తిరగడమే నాటకం ఆకారం. కాబట్టి ఏ రంగాన్నీ పక్కదానితో కలపొద్దు, ముందువెనకలు చేయొద్దు. ఇంటర్వెల్ కావాలంటే ఆరో రంగం తర్వాతే, రెండు చుట్లు పూర్తయ్యాక.

24 అడుగుల్లో మూడు గదులూ పక్కపక్కన పెట్టి లైటు మార్చుకుంటూ పోదామని చాలామందికి తోస్తుంది. ఒక్కో గదికి 8 అడుగులే వస్తాయి. బల్ల, కుర్చీ పెట్టాక మనిషి నడవడానికి చోటుండదు. అంతకంటే పెద్ద నష్టం, మూడూ ఎప్పుడూ కనిపిస్తుంటే ప్రేక్షకుడికి ఆఫీసు పటం తెలిసిపోతుంది. గ్రోస్‌కి తెలియని పటం మనకూ తెలియకూడదు.

ఒకే గది పెట్టండి. మూడు వైపులా ఒకే బూడిదరంగు ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే చట్రాలు), రెండు తలుపులు, ఒక పెద్ద బల్ల, ఒక చిన్న టైపు బల్ల, ఆరు కుర్చీలు, ఒక ఫైళ్ల బీరువా. డైరెక్టర్ గదికి పెద్ద బల్ల మధ్యలో ప్రేక్షకుల వైపు. తరగతికి అదే బల్ల కుడి వింగ్ పక్కకు, కుర్చీలు వరసలో, వెనక నల్లబల్ల. సెక్రటేరియట్‌కి టైపు బల్ల ముందుకు, పెద్ద బల్ల వెనక్కి. నేల మీద మూడు రంగుల టేపుతో గుర్తులు పెట్టుకోండి, గదికో రంగు. రంగం మార్పులు 11. ఒక్కోటి 40 సెకన్లు పడితే 7 నిమిషాల 20 సెకన్లు చీకట్లోనే పోతాయి. 12 సెకన్లకు దించితే 2 నిమిషాల 12 సెకన్లు. 12కి రావాలంటే ఒక్కో మనిషి చేతిలో రెండు వస్తువుల కంటే ఎక్కువ ఉండకూడదు, బల్ల కాళ్లకు ఫెల్ట్ అతికించాలి, బీరువా అసలు కదలకూడదు. పూర్తి బ్లాకౌట్ వద్దు. మసక లైటులో పాత్రధారులే ఆఫీసు దుస్తుల్లో, ఆఫీసు పనిలాగే మోసుకెళ్లాలి. మార్పుల్ని విడిగా కనీసం మూడు రిహార్సళ్లు చేయించండి. డైలాగులు వచ్చాక చూసుకుందాంలే అనుకుంటే ప్రదర్శన రోజున ఎవరో ఒకరు కుర్చీతో నల్లబల్లకు గుద్దుకుంటారు.

జార్జ్ పాత్రను మర్చిపోకండి. గోడల మధ్య ఖాళీలో కూర్చుని పగుళ్లలోంచి సిబ్బందిని కనిపెడుతుండే ఉద్యోగి. ఒక ఫ్లాటుకు కంటి ఎత్తులో, అంటే కూర్చున్న మనిషికి సుమారు 4 అడుగుల దగ్గర, వేలెడు సందు వదలండి. మూడు గదులకూ అదే గోడ, అదే సందు. వెనక చిన్న లైటు పెట్టి జార్జ్ ఉన్నప్పుడు మాత్రమే వెలిగిస్తే చాలు. రెండో చుట్టుకల్లా ప్రేక్షకులు తమంతట తాము ఆ సందు వైపు చూడటం మొదలుపెడతారు.

ప్రాపర్టీల్లో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ముఖ్యం. అధికారం చేతులు మారినప్పుడు గోడకున్న అది కూడా మనిషితో పాటు కదులుతుంది. నిజమైనది ఖాళీ చేయించి వాడండి. అట్టతో చేసినది మోస్తే నటుడి భుజం బరువు చూపించదు, ఆ నడకలోనే గ్రోస్ హోదా పోవడం కనిపించాలి. అలాగే చివర సిబ్బంది భోజనానికి వరసగా వెళ్లేటప్పుడు పట్టుకునే కత్తులు, ఫోర్కులు. ప్లాస్టిక్ వద్దు, ఉక్కువే కావాలి. తెర పడేముందు ఆ లోహపు చప్పుడు వినపడాలి.

రెండోగంట:

చాలా ఉపయోగపడింది ఇద్దరిదీ. హలంతం గారూ, ప్టిడెపె పోయాక వచ్చే రెండో భాష ఖోరుకోర్‌ని కూడా ఇలాగే కట్టాలా? అనుమతుల చక్రం ఉన్న రంగం మాత్రం ఇంకా సాగదీసినట్టే ఉంది. కొంచెం కోసేద్దామనుకుంటున్నాం.

పాతటికెట్టు:

కోయకండి. అదే నాటకం గుండె.

ఆ చక్రం ఎలా తిరుగుతుందో ముందు కాగితం మీద గీయండి. అనువాదానికి స్ట్రోల్ దగ్గరికి వెళ్తే ప్టిడెపె నిపుణుడు సావంట్ అనుమతి కావాలంటాడు. సావంట్‌కి హెలెనా ఇచ్చే పత్రాలు కావాలి. ఇటీవల ప్టిడెపెలో మెమో అందుకున్నవాళ్లకు, ఆ మెమో అనువాదమయ్యేదాకా హెలెనా పత్రాలు ఇవ్వకూడదు. అంటే మెమోలో ఏముందో ముందే తెలిసినవాడికే మెమోలో ఏముందో తెలుసుకునే హక్కు. గ్రోస్ దీన్ని తనే తేల్చి పైకి చెప్తాడు. ఇందులో ఒక్క నిబంధన కూడా పిచ్చిది కాదు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ సమంజసమైన కారణం ఉంది. మూడూ కలిసినప్పుడే తలుపు మూసుకుంటుంది. మీరు ఒక మెలిక కోసేస్తే మిగిలిన రెండు కేవలం లంచం కోసం తిప్పుతున్నట్టు కనిపిస్తాయి. అప్పుడు మనుషులు చెడ్డవాళ్లయిపోతారు, నిబంధన మంచిదైపోతుంది. హావెల్ చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు.

సాగదీసినట్టు ఉండటానికి కారణం సాధారణంగా పొడవు కాదు, డైలాగుకూ డైలాగుకూ మధ్య ఖాళీ. ఈ నాటకంలో ఎదుటివాడి చివరి మాట మీదే జవాబు పడాలి. ఆఫీసులో నిబంధన చెప్పేవాడు ఆలోచించి చెప్పడు, అది నోట్లో సిద్ధంగా ఉంటుంది. స్టాప్‌వాచ్ పెట్టి ఆ రంగాన్ని ఒకసారి మామూలుగా, ఇంకోసారి మాట మీద మాటగా ఆడించి చూడండి. అయిదో వంతు సమయం దానంతటదే తగ్గుతుంది. ఆగాల్సినవాడు గ్రోస్ ఒక్కడే. మిగతావాళ్లు ఎవరూ ఆగకూడదు.

నవ్వు ఎందుకు రావడంలేదంటే, బహుశా మీ నటులు నవ్వించడానికి చూస్తున్నారు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, వంగిన నడుము, గొంతు మార్చడం, ఇవన్నీ తీసేయండి. డైరెక్టర్ సెక్రటరీ హానా జుట్టు దువ్వుకుంటూ పాలు తేవడానికి వెళ్లొచ్చా అని అడగడం ఆమెకు నిజమైన అవసరం. అలసిపోయిన గొంతుతో, ప్రతిసారీ ఒకే స్థాయిలో అడగాలి. రెండోసారి కాస్త గట్టిగా, మూడోసారి ఇంకా గట్టిగా అంటే అది హాస్యనటుడి లెక్క. యంత్రం స్వరం పెంచదు. లియర్ 'భౌ' అనే శబ్దం మీద పాఠం చెప్తాడు చూడండి, దాక్కుని ఎదుటివాడిని ఉలిక్కిపడేలా చేసే అరుపు. ఎవరు దాక్కున్నారు, ఎవరిని ఉద్దేశించి అన్నదాన్ని బట్టి దానికి వేర్వేరు పదాలు. అక్కడ నటుడు వ్యాకరణం మీద నిజమైన ప్రేమతో చెప్పాలి. లియర్ మంచి మాస్టారు. అతను చెప్పేది పనికిరానిది కావడం అతని తప్పు కాదు, అతనికి తెలియదు కూడా.

బలాస్ గురించి ఒక మాట. విలన్‌లా ఆడితే నాటకం పాడవుతుంది. అతను ఎక్కడా కేకలు వేయడు, బెదిరించినట్టు ఉండడు. గ్రోస్ ఒకప్పుడు రబ్బర్ స్టాంపు ఇంటికి తీసుకెళ్లిన సంగతి లాంటి చిన్న క్రమశిక్షణా లోపాన్ని మర్యాదగా గుర్తుచేస్తాడు. అప్పటికే వచ్చేసిన ప్టిడెపెను అధికారికం చేసే ఉత్తర్వు మీద గ్రోస్ తన చేత్తోనే సంతకం పెడతాడు, ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించరు. ఆ సంతకానికి ముందు మీ నటుడు ఎంతసేపు కలం పట్టుకుని ఉంటాడన్నది ఆ పాత్రకు కీలకం. రెండు సెకన్లు సరిపోతాయి. అంతకు మించితే వీరుడిలా కనిపిస్తాడు, వీరుడు కాదు. పక్కన నోరు విప్పకుండా కూర్చునే పిల్లర్ వైపు బలాస్ చూడటం, పిల్లర్ తలూపడం మాత్రం ప్రతిసారీ ఖచ్చితంగా ఒకే లయలో జరగాలి. అసలు అధికారం ఎక్కడుందన్న అనుమానం అక్కడే పుడుతుంది.

కాలం, చోటు విషయంలో: ఇది మొదట 1965 జూలై 26న ప్రాగ్‌లోని 'దివాద్లో నా జాబ్రద్లీ' అనే చిన్న థియేటర్లో వేశారు, దర్శకుడు యాన్ గ్రోస్‌మన్. హావెల్‌కి అప్పుడు 28 ఏళ్లు. అదే థియేటర్లో 1960లో స్టేజీ పనివాడిగా చేరి నాటక రచయిత అయ్యాడు. అందుకే ఆయన రాతలో తలుపులు, బల్లలు, రాకపోకలు అంత కొలిచినట్టు ఉంటాయి. 1968లో న్యూయార్క్ పబ్లిక్ థియేటర్లో జోసెఫ్ పాప్ దర్శకత్వంలో వేశారు, ఓబీ అవార్డు (బ్రాడ్‌వే బయటి నాటకాలకు ఇచ్చేది) వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో సోవియట్ నాయకత్వంలోని సైన్యాలు చెకోస్లోవేకియాలోకి వచ్చాయి, ఆ తర్వాత ఆయన నాటకాలను సొంత దేశంలో నిషేధించారు. 1989 డిసెంబర్ 29న ఆయన దేశాధ్యక్షుడయ్యాడన్నది నిజమే కానీ దాన్ని ఈ నాటకం మీదికి లాక్కురావొద్దు. కరపత్రంలో ఒక్క పంక్తి చాలు. గోడ మీద కొడవలి సుత్తి గుర్తు, ఎర్ర జెండా పెట్టడం మరీ తప్పు. పాఠంలో పార్టీ పేరు ఎక్కడా లేదు, ఆ ఆఫీసు ఏం పని చేస్తుందో కూడా చెప్పరు. అది చెప్పకుండా ఉంచడానికి రచయిత చాలా కష్టపడ్డాడు.

తెరచాటు:

పాతటికెట్టు గారు చెప్పిన వేగం మాటతో ఏకీభవిస్తాను. హలంతం గారితో ఒక్కచోట విభేదం ఉంది. ప్టిడెపె మొత్తం కొత్తగా కట్టాలన్నారు. గ్రోస్ మొదట చదివే మెమో వరకైనా హావెల్ శబ్దాలనే తెలుగు లిపిలో ఉంచడం మేలు. ఆ శబ్దాలు చెక్‌ని పోలి ఉండి చెక్ కాకుండా ఉంటాయి. అనువాదకులు సాధారణంగా వాటిని ముట్టుకోరు. కొత్తగా కడితే అది మీ నాటకం అవుతుంది, ఆయనది కాదు.

పేర్ల గురించి కూడా నిర్ణయించుకోండి. ఇంగ్లీషులో రెండు అనువాదాలున్నాయి. వెరా బ్లాక్‌వెల్ పాతది, పాల్ విల్సన్ 'ది మెమో' పేరుతో చేసిన కొత్తది. బ్లాక్‌వెల్ కొన్ని పేర్లు మార్చారు. లియర్ చెక్‌లో పెర్జినా, పిల్లర్ అసలు పేరు కుబ్ష్. పిల్లర్ అంటే స్తంభం, సావంట్ అంటే పండితుడు అన్న ధ్వని చెక్ పేర్లలో లేదు. రెండు అనువాదాల పేర్లూ కలగలిపితే రిహార్సల్లో గందరగోళం. పేర్లు తెలుగు చేయొద్దని నా అభిప్రాయం. చేస్తే ప్రేక్షకుడు కులం, ప్రాంతం వెతకడం మొదలుపెడతాడు, నాటకానికి అక్కర్లేని లెక్క అది.

ఇక చివరి ప్రసంగం. మీ ప్రశ్నకు జవాబు సూటిగా: మనస్ఫూర్తిగా. అంతకంటే ఇంకా మనస్ఫూర్తిగా.

అప్పటికి జరిగింది గుర్తుచేసుకోండి. మారియా అనుమతి లేకుండా గ్రోస్ మెమోను అనువదించింది. ఆ మెమోలో ఉన్నది ప్టిడెపెను వ్యతిరేకించినందుకు గ్రోస్‌కి మెచ్చుకోలు. దాని బలంతో ఆయన మళ్లీ డైరెక్టర్ అయ్యాడు. అనుమతి లేకుండా అనువదించినందుకు ఆమె ఉద్యోగం పోయింది. ఒక్క మాట చెప్తే ఉద్యోగం నిలుస్తుంది. ఆయన ఆ మాట చెప్పడు. దాని బదులు మనిషి తననుంచి తనే దూరమైపోతున్న కాలం గురించి, చంద్రుడి దాకా వెళ్లగలిగి మనల్ని మనం చేరుకోలేకపోవడం గురించి, హామ్లెట్‌ని తలుచుకుంటూ మాట్లాడతాడు. అందులో ప్రతి వాక్యమూ నిజం. అదే భయంకరం. ప్టిడెపె అర్థంకాని మాటలతో మనిషిని బయట నిలబెట్టింది, ఈ ప్రసంగం అర్థమయ్యే మాటలతో అదే పని చేస్తోంది.

నటుడు ఇక్కడ కన్ను గీటినా, గొంతులో కపటం చూపించినా ప్రేక్షకుడు హాయిగా గ్రోస్‌ని తప్పుపట్టి ఇంటికి వెళ్లిపోతాడు. అలా వదలకూడదు. ప్రసంగం మధ్యలో చప్పట్లు కొట్టాలనిపించేంత అందంగా పలకాలి. నేపథ్య సంగీతం వద్దు, లైటు మార్చొద్దు. మారియాను ప్రేక్షకులకు పూర్తిగా ఎదురుగా నిలబెట్టండి, గ్రోస్‌ని కాస్త పక్కకు. అందరి కళ్లూ వింటున్న ముఖం మీద ఉండాలి. తనతో ఇంత చక్కగా ఎవరూ మాట్లాడలేదని ఆమె వెళ్లేముందు అంటుంది. ఆ మాటలో కన్నీళ్లు వద్దు, కృతజ్ఞత చాలు. ఆమె వెళ్లాక ఫోర్కుల చప్పుడు వచ్చేదాకా రెండు క్షణాలు ఏమీ జరగకూడదు.

ఈ ప్రసంగాన్ని తెలుగు చేసేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. 'అస్తిత్వ వేదన', 'పరాయీకరణ' లాంటి విమర్శ వ్యాసాల మాటలు వెంటనే చేతికొస్తాయి. అవి పెడితే గ్రోస్ పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది. చదువుకున్న మంచి మనిషి బాధగా మాట్లాడే తెలుగు కావాలి. మొదటి రంగంలో ఆయన మామూలుగా మాట్లాడే తీరుకూ దీనికీ తేడా లేనట్టు ఉంటే ఇంకా మంచిది.

హలంతం:

తెరచాటు గారి మాట ఆలోచించదగ్గదే, మొదటి మెమోను ఉన్నట్టే ఉంచడం బాగుంటుంది. అయితే మిగతా పదాలన్నీ దాని చెవికి అతికేలా కట్టాలి, అంటే మీ 40 అక్షరాలనూ ఆ మెమోలోంచే ఏరుకోండి. రెండూ వేరువేరుగా వినిపిస్తే సభకు రెండు భాషలున్నట్టు తోస్తుంది, నిజంగా రెండో భాష వచ్చినప్పుడు దెబ్బ తగలదు.

ఆ రెండో భాష ఖోరుకోర్. స్పెల్లింగులో Ch ఉన్నా చెక్ ఉచ్చారణలో మొదటి అక్షరం గొంతులోంచి వచ్చే ఖ, చ కాదు. సూత్రం ప్టిడెపెకు తలకిందులు: పదాలు వీలైనంత ఒకదాన్నొకటి పోలి ఉండాలి, దగ్గరి అర్థాలకు దగ్గరి శబ్దాలు. వారాల పేర్లు చివర మాత్రమే తేడాగా ఉంటాయి. టైపులో తప్పు దొర్లినా నష్టం చిన్నదేనని వాదన. దీనికి తెలుగులో సిద్ధంగా ఉన్న సాధనం గుణింతం. ఒక నాలుగక్షరాల మాట తీసుకుని చివరి అక్షరానికి గుణింతం తిప్పండి: ర, రా, రి, రీ, రు, రూ, రె. ఏడు వారాలకు ఏడు. బడిలో గుణింతం వల్లించిన గొంతుతో లియర్ చెప్తే సభకు వెంటనే అందుతుంది, అందుతూనే ఏ రోజు ఏదో తేల్చుకోలేరు. ఇక్కడ హలంతాలు వద్దు, పూర్తిగా అజంతాలే ఉండాలి. మొదటి భాష ముళ్లలా, రెండోది నూనెలా వినపడాలి.

ప్టిడెపె ఎందుకు పోయిందో చెప్పే డైలాగు మింగేయకుండా చూడండి. వాడుతున్నకొద్దీ దానికి మామూలు భాష లక్షణాలు అంటుకున్నాయని, రెండర్థాలు, మనసు ఛాయలు వచ్చేశాయని ఫిర్యాదు. అంటే అది మనిషిని మార్చలేక తనే మారింది. నాటకం మొత్తంలో ఆశ అంటూ ఉంటే ఆ ఒక్క ఫిర్యాదులోనే ఉంది, దాన్ని ఆఫీసు లోపంగా నమోదు చేసుకుంటుంది.

వింగ్‌పక్క:

హక్కుల సంగతి ఎవరూ అడగలేదు కానీ ముందు అదే చూసుకోండి. హావెల్ 2011 డిసెంబర్ 18న చనిపోయారు. చెక్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 70 ఏళ్లు, భారత చట్టం ప్రకారం 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ప్రాగ్‌లో ఆయన నాటకాల హక్కులు చూసే ఏజెన్సీకి రాయాలి. మీరు ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తుంటే ఆ ఇంగ్లీషు అనువాదం హక్కుదారుల అనుమతి విడిగా కావాలి. ఉత్తరంలో ప్రదర్శనల సంఖ్య, సీట్లు, టికెట్ ధర, అనువాదకుడి పేరు, కోతలు ఉంటే ఏవి అన్నది రాయండి. కోతల జాబితా లేకుండా పంపిస్తే అదే అడుగుతూ తిరిగొస్తుంది. ప్టిడెపె పదాలు కొత్తగా కట్టుకుంటున్నట్టయితే అదీ అందులోనే చెప్పండి, మార్పు కిందికే వస్తుంది.

రెండోగంట:

మొదటి మెమో ఉన్నట్టే, మిగతావి అందులోని అక్షరాలతో కొత్తగా. గ్రాంథికం మాట వదిలేశాం. అనుమతుల రంగం కోయడంలేదు, రేపటి నుంచి స్టాప్‌వాచ్ పెడుతున్నాం. ఒక్క సందేహం మిగిలింది: పిల్లర్ చివర్లో ఒక్కసారిగా అరుస్తూ బయటికి పరిగెత్తే చోటు. అంతసేపు మౌనంగా ఉన్న నటుడు గొంతు ఎంత పెంచాలి?

పాతటికెట్టు:

పూర్తిగా. నాటకం మొత్తంలో నిండు గొంతుతో అరిచే మనిషి అతనొక్కడే కావాలి, అందుకే మిగతావాళ్లెవరినీ అంతకుముందు అరవనివ్వొద్దు. మాటలు స్పష్టంగా వినపడాలి, సహజ భాషకు, మనిషికి జై కొట్టే మాటలవి. తలుపు వైపు తిరిగాక అరిస్తే వెనక వరసలకు అందవు, కాబట్టి ముందు ప్రేక్షకుల వైపు మొదలుపెట్టి తలుపు దాకా అరుస్తూనే వెళ్లాలి. బలాస్ తల తిప్పి చూడకూడదు. పిల్లర్ కుర్చీలో కాలమ్ అనే ఇంకో మనిషి వచ్చి కూర్చునేసరికి తలూపే లయ మునుపటిలాగే ఉండాలి. ఆ ఇద్దరు నటులకూ కలిపి ఒకరోజు విడిగా రిహార్సల్ పెట్టండి, తలూపడం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాలి.